రానియ్యకుండ్రి సారు: ఒక గల్ఫ్ ఇంటి కేసు

2018 ఆగస్టు 1న యూఏఈలో క్షమాభిక్ష మొదలైంది. వీసా గడువు దాటినా అక్కడే ఉండిపోయినవాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి రావచ్చు. జగిత్యాల జిల్లాలో వలస కార్మికుల కోసం నడిచే ఒక సహాయ కేంద్రంలో అప్పటికి తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఊరూరా తిరిగి ‘ఖల్లివెల్లి’ వాళ్ల జాబితా రాయడం ఆ నెలల్లో మా పని. అరబ్బీలో అది ‘పోనీ, వదిలెయ్’ అనే మాటట. మా దగ్గర మాత్రం కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాడిని ఖల్లివెల్లి అంటారు. వాడు ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ మాటను గొంతు తగ్గించి అంటారు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఒక ఇంటికి పోయాను. వాకిట్లో ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఆమె భర్త పేరు మా జాబితాలో పదిహేడోది. నేను పోయిన విషయం చెప్పాను. జరిమానా లేదు, జైలు లేదు, దేశం దాటడానికి ఇచ్చే ఔట్‌పాస్ తీసుకుంటే చాలు, టికెట్ సంగతి మేం చూస్తాం అన్నాను. ఆమె కత్తెర ఆపలేదు. తునికాకు మీద రేకు పెట్టి దాని కొలతకు కత్తిరిస్తూనే, “ఆయనను ఇప్పుడే రానియ్యకుండ్రి సారు” అంది.

నేను చెప్పింది సరిగ్గా వినలేదేమో అనుకుని మొదటినుంచీ మళ్లీ చెప్పాను. ఈసారి నా మొహం చూసి అంది: “ఇన్న సారు. ఇప్పుడే వద్దంటున్న.”

ఆ సాయంత్రం కేసు షీట్లో ‘కుటుంబం సహకరించడం లేదు’ అని రాశాను. ఆ మూడు మాటలు తప్పని తెలుసుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఈ కేసు రాస్తున్నది అందుకే. పేర్లు, ఊరు రాయడం లేదు. ఇంట్లో పిలుచుకునే వరసలే వాడుతున్నాను: తండ్రి బాపు, ఆయన కొడుకులు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. బీడీలు చేస్తున్నామె నడిపోడి భార్య.

బాపు నుంచి చిన్నోడి దాకా

ఆ ఇంట్లోంచి బయటికి పోయిన మొదటి మనిషి బాపు. గల్ఫ్‌కు కాదు, బొంబాయికి. మా వైపు పాత ఇళ్లలో తవ్వితే చాలాసార్లు కింద బొంబాయో భీవండో తగులుతుంది. బట్టల మిల్లులో మూటలు మోసే పని. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై అది ఎంతకీ తెగకపోయేసరికి బాపు ఊరికి వచ్చేశాడు. ఉన్నది ఎకరన్నర మిట్ట చెలక, ముగ్గురు కొడుకులు.

పెద్దోడు 1999లో సౌదీ పోయాడు. రియాద్‌లో బల్దియా పని, అంటే వీధులు ఊడ్చే కంపెనీ. 45 వేలు అప్పు తెచ్చి పోతే రెండేళ్లలో తీర్చేశాడు. పదిహేనేళ్లు చేశాడు. ఐదు చుట్టీలు, ఒక్కోటి రెండు నెలలు. పదిహేనేళ్లలో భార్యాపిల్లలతో గడిపింది పది నెలలు. 2006లో స్లాబు వేశాడు, 2011లో మీద ఇంకో అంతస్తు లేపాడు, ఇద్దరు బిడ్డల పెండ్లి చేశాడు, 2014లో కిడ్నీలు పాడై తిరిగొచ్చాడు. మేడ మీది గదుల్లో ఇప్పుడు వడ్లు పోస్తున్నారు. ఎక్కడానికి ఆయనకు మోకాళ్లు సహకరించవు.

నడిపోడు చూసింది ఆ మేడను. పెద్దోడి కిడ్నీలు చెడకముందే, స్లాబు కొత్తగా మెరుస్తున్నప్పుడు, 2008 ఏప్రిల్‌లో దుబాయి పోయాడు. 1,05,000 రూపాయలు, నూటికి రెండు రూపాయల మిత్తి. బయటి జిల్లాలవాళ్ల కోసం చెబుతున్నాను, అది నెలకు; ఏడాదికి 24 అవుతుంది. ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లో లీమన్ బ్రదర్స్ కుప్పకూలింది, చలికాలానికి దుబాయిలో క్రేన్లు ఆగిపోయాయి, మరుసటి ఉగాదికి నడిపోడు ఊళ్లో ఉన్నాడు. పదకొండు నెలల్లో పంపింది 52 వేలు. అందులో 23 వేలు మిత్తికే పోయాయి. అసలులో తగ్గింది 29 వేలు. అంటే దుబాయి చూసి వచ్చినందుకు ఇంకా 76 వేల బాకీ.

ఇక్కడే ఉండి తీరుద్దామనుకున్నాడు. బోరు వేయించాడు, దుమ్ము లేచింది. పక్క చేనులో ఇంకో బోరున్న దాయాదిని బతిమాలి నీళ్లు తెచ్చుకుని పసుపు పెట్టాడు. 2010లో పసుపు ధర ఎట్లా ఉందో మా జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ధర చూసి పెట్టనివాడు లేడు. తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి నిజామాబాద్ మార్కెట్‌కు మోసేనాటికి ధర జారడం మొదలైంది. రెండేళ్లలో నేలకు దిగింది.

2016 జనవరిలో మళ్లీ పోయాడు. ఈసారి పంపింది సొంత బావ, చెల్లెలి మొగుడు. షార్జాలో ఉంటాడు. 70 వేలు తీసుకుని విజిట్ వీసా ఇప్పించి, అక్కడ దిగాక కంపెనీ వీసాకు మార్పిస్తానన్నాడు. మారలేదు. బావ మోసగాడా అంటే నేను చెప్పలేను. ఆయన మాట్లాడిన సూపర్‌వైజరు ఆయనకు మాట ఇచ్చాడు, ఆ సూపర్‌వైజరుకు ఇంకెవరో ఇచ్చారు. 70 వేలలో బావకు మిగిలింది ఎనిమిది వేలు.

చిన్నోడు 2018 జనవరిలో ఖతర్ పోయాడు, పక్కా కంపెనీ వీసా మీద, పనికి పోవడానికి సర్కారు ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. తీసుకున్నది 85 వేలు. రసీదు 30 వేలకే ఇచ్చాడు. ఆ అప్పు నడిపోడి పేరు మీదే తెచ్చారు, ఎందుకంటే తాకట్టు పెట్టడానికి పట్టా పాసుబుక్కు ఆయన పేరు మీద ఉంది.

నోటుబుక్కు

నవంబరులో మళ్లీ ఆ ఇంటికి పోయాను, ఈసారి ఒప్పించాలని. క్షమాభిక్ష గడువు అక్టోబరు 31 నుంచి పొడిగించారు, ఇంకా టైముంది. రెండు నెలల కిందట అదే వాడలో ఒక శవపు పెట్టె దిగింది. శంషాబాద్ నుంచి అంబులెన్సులో. ఆయనా విజిట్ వీసా మీద పోయినవాడే. క్లియరెన్స్ మీద పోయుంటే ప్రవాసీ భారతీయ బీమా ఉండేది, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వచ్చేవి. ఆ పెట్టె సంగతి ఎత్తాను. భయపెట్టాననే చెప్పాలి.

ఆమె లేచి లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, చిన్నోడి రసీదు, పిల్ల బోనఫైడు, వీటన్నిటి కింద చిన్న నోటుబుక్కు. మూడో తరగతి దాకా చదివినామె. అంకెలు మాత్రం గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. షావుకారి దగ్గర 1,40,000. పాత బాకీ, విజిట్ వీసా డబ్బులు కలిపి. చిన్నోడి వీసాకు 85,000. మూడు తులాల బంగారం కుదువ మీద 55,000. మహిళా సంఘంలో 50,000. మొత్తం 3,30,000. దానికి నెలకు మిత్తి సుమారు 5,550.

రెండో పేజీలో రాబడి. కాగితాల్లేని నడిపోడు నెలకు 18 వేలు పంపిస్తున్నాడు. నేను రెండుసార్లు చూశాను. అదే వాడలో కంపెనీ వీసా మీద, క్యాంపులో, చట్టప్రకారం ఉన్నవాళ్లు పంపేది పది, పన్నెండు వేలు. ఖల్లివెల్లి వాడు ఏ రోజు పని ఆ రోజు కూలికి చేస్తాడు. కూలి ఎక్కువ, సెలవుల్లేవు, పట్టుబడితే అంతే. పోయిన మొదటి ఏడాది పంపిందంతా బాపు ఆపరేషన్‌కు అయిపోయింది. ఇప్పుడిప్పుడే అసలు తగ్గడం మొదలైంది. ఇల్లు నడిచేది ఆమె బీడీల మీద. 18 వేలలోంచి ఆమె ఇంటికి తీసుకునేది మూడు వేలు, మిగతా పదిహేనూ బాకీలకు.

“గిట్లనే పంపితే ఇంకో రెండు సంకురాత్రులు పోయి మూడోదానికల్ల తేలుతం సారు. గిప్పుడొస్తే ఏమున్నదిక్కడ? మళ్ల పోవుడే. పోవాలంటే మళ్ల లక్ష గావాలె.”

ఇంటికొచ్చి క్యాలిక్యులేటర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తగ్గే అసలు మీద మిత్తి తగ్గించుకుంటూ లెక్క వేస్తే 28 నెలలు వచ్చింది. ఆమె అంకెలు సెప్టెంబరు 2018 నాటివి; అక్కణ్నుంచి 28 నెలలంటే జనవరి 2021. మూడో సంక్రాంతి.

కేసు షీట్లో రాసింది ఆ రాత్రే కొట్టేశాను. సహకరించని కుటుంబం కాదది. ఆ ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా లెక్క వేసిన మనిషి ఆమె. నేను మనిషి ప్రాణం గురించి మాట్లాడుతున్నాననుకున్నాను. ఆమె కూడా దాని గురించే మాట్లాడుతోంది: ఇప్పుడొస్తే ఆయన ఇంకోసారి పోవాలి, ఇంకోసారి అదే ప్రమాదంలో దిగాలి.

ఎందుకు పోతారు

శిక్షణ తరగతుల్లో మాకు మొదట చెప్పేది నెట్టే కారణాలు, లాగే కారణాలు. ఎవరెట్ లీ అనే జనాభా శాస్త్రవేత్త 1966లో దీన్ని ఒక చట్రంలో పెట్టాడు. ఇక్కడ కరువు నెడుతుంది, అక్కడ జీతం లాగుతుంది. చార్టు మీద రెండు బాణాలు గీయడానికి బాగుంటుంది. మా వైపు అది నిలవదు. నీళ్లు లేక పోతున్నారంటే, కాలువ కింద రెండు పంటలు పండే ఆర్మూరు, మెట్‌పల్లి వైపు ఊళ్లు ఇన్నేళ్లుగా ఎందుకు పోతున్నాయి? పేదరికమే కారణమంటే, ఊళ్లో అందరికంటే పేదవాళ్లు ఎందుకు పోవడం లేదు? కుదువ పెట్టడానికి పాసుబుక్కు లేనివాడు, జామీను నిలబడే చుట్టం లేనివాడు హైదరాబాద్ కూలీల అడ్డా దాకానో బొంబాయి దాకానో పోతాడు. గల్ఫ్ పోవాలంటే ముందు అప్పు పుట్టాలి.

తర్వాత వచ్చిన పరిశోధకుల్లో ఇద్దరి మాటలు నా అనుభవానికి దగ్గరగా ఉంటాయి. ఓడెడ్ స్టార్క్ వలస నిర్ణయం ఒక మనిషిది కాదు, ఇంటిది అన్నాడు. పంట ఒక చోట పోతే జీతం ఇంకో చోట నిలబడేలా ఇల్లు తన మనుషుల్ని పంచి పెట్టుకుంటుంది. డగ్లస్ మాస్సే, మెక్సికో నుంచి అమెరికా పోయేవాళ్లను చూసి, పోయిన ప్రతి మనిషీ తర్వాతివాడు పోవడాన్ని సులువు చేస్తాడు, చివరికి మొదటి కారణం పోయినా వలస ఆగదు అన్నాడు. పెద్దోడి మేడను ఆయన చూసి ఉంటే బాగుండేది. ఆ వాడలో ఏ ఏజెంటూ అంత మందిని పంపలేదు. ఇద్దరు తమ్ముళ్లు, ముగ్గురు దాయాదులు, ఎదురింటి పిల్లగాడు, అందరూ ఆ స్లాబు చూసే పోయారు. కిడ్నీల సంగతి మేడకు కనబడదు కదా.

ఈ ఇద్దరూ చెప్పిందానికి నా పక్క నుంచి కలిపేది ఒకటుంది, అది అప్పు. మొదటిసారి పోవడానికి కారణం ఆశే కావచ్చు. రెండోసారి పోవడానికి కారణం మొదటి ప్రయాణమే. నడిపోడు 2016లో పోయింది కరువుకు కాదు. 2008లో పోయాడు కాబట్టి పోయాడు. మా కేంద్రంలో నేను చూసిన కేసుల్లో రెండోసారి, మూడోసారి పోయేవాళ్ల సంగతి దాదాపు ఇంతే. అందుకే ‘ఏజెంట్ల చేతిలో మోసపోకండి’ అని మేం బస్టాండుల్లో అతికించే పోస్టర్ల మీద నాకు నమ్మకం తగ్గింది. అది చదివే మనిషికి ఏజెంటు మేనబావ. మోసపోతానేమోనని తెలియక కాదు, మిత్తి ఆగదని తెలిసి పోతాడు.

ఊరు

ఆ ఊరికి పొద్దున ఆరు గంటలకు పోతే వలస అంటే ఏంటో కొంత తెలుస్తుంది. బడి బస్సులు మూడు వస్తాయి, మూడూ ప్రైవేటువే. పిల్లలను ఎక్కించడానికి వచ్చేది తల్లులు, తాతలు. పాతికకూ యాభైకీ మధ్య మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నాట్ల కాలంలో పొలంలో దిగేది బీహార్ కూలీలు. పదేళ్ల కిందట ఈ ఊళ్లో ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ వేసిన నాట్లను వాళ్లు గుత్తకు మాట్లాడుకుని తాడు పట్టి వేస్తున్నారు. వాళ్లలో ఒకతన్ని ఎందుకొచ్చావని అడిగితే, అక్కడ తమ్ముడి కోసం చేసిన అప్పుందన్నాడు. ఆ తమ్ముడు సౌదీలో ఉన్నాడట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాడకో దేశం ఉంటుంది. మేడ ఉన్న వాడ సౌదీ, చెరువు పక్క వాడ బహ్రెయిన్, ఇంకోటి దుబాయి, షార్జా. మొదట పోయినవాడు ఏ కంపెనీలో కుదురుకుంటే వెనకవాళ్లు అక్కడికే. ఎవరైనా చనిపోతే వాడ వాట్సాప్ గ్రూపులో డబ్బులు పోగవుతాయి. పంచాయతీ చేయలేని పని, ఏ దేశంలోనో బంకు మంచాల మీద పడుకున్నవాళ్లు రాత్రికి రాత్రి చేస్తారు. ఇంకో పక్క, ఆ గ్రూపుల్లోనే ఎవరి ఇల్లు ఎంత లేచిందో ఫోటోలు తిరుగుతాయి.

భూమి ధర పెరిగింది, పండించడానికి కాదు. గల్ఫ్ డబ్బు ఎకరాలు కొనడానికి సరిపోదు కాబట్టి రోడ్డు పక్క గుంటల లెక్కన అమ్మే జాగాల్లో పడుతుంది. సాగు చేసే రైతు ఆ ధరకు కొనలేడు. వడ్డీ వ్యాపారం మాత్రం వికసించింది, అందులో కొంత పెట్టుబడి గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లదే. అక్కడ ఎండలో సంపాదించింది ఇక్కడ ఇంకొకడిని అక్కడికి పంపడానికి మిత్తికి తిరుగుతోంది. ఇది నేను ఎవరినీ తప్పు పట్టి అనడం లేదు. ఊళ్లో ఆ డబ్బు పెట్టడానికి అంతకంటే నమ్మకమైన చోటు వాళ్లకు ఎవరూ చూపించలేదు.

పెండ్లి సంబంధాల్లోనూ తేడా వచ్చింది. పెద్దోడి కాలంలో ‘దుబాయి పిల్లగాడు’ అంటే కట్నం రేటు వేరు. ఇప్పుడు పిల్ల తండ్రులు ‘ఇక్కడ ఏం చేస్తడు?’ అని ముందు అడుగుతున్నారు.

అన్నిటికంటే పెద్ద మార్పు ఆడవాళ్లలో చూశాను. దాన్ని సాధికారత అని రిపోర్టుల్లో రాస్తాం. ఆ మాట రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగుతుంది. బ్యాంకుకు పోయేది, షావుకారితో మాట్లాడేది, బోరు మోటరు కాలితే మెకానిక్కును తెచ్చేది, పిల్ల జ్వరానికి రాత్రి ఆటో మాట్లాడేది ఆమే. అన్నీ ఆమే చేస్తుంది, ఏ ఒక్కటీ ఆమె పేరు మీద లేదు. పాసుబుక్కు ఆయనది, అప్పు ఆయనది, మిత్తి అడగడానికి వచ్చేది మాత్రం ఆమె వాకిట్లోకి. మేం మాట్లాడుతుంటే చిన్న పిల్ల ఫోను పట్టుకుని వచ్చి “బాపు” అని స్క్రీనుకు చూపించింది. ఆ పిల్లకు బాపు, అంటే నాన్న, ఆ ఫోనే. 2016లో ఆయన పోయేనాటికి కడుపులో ఉంది.

నేను చెప్పని రెండో దారి

నోటుబుక్కు చూశాక మేం చేసిన పని ఒకటుంది. షావుకారి అప్పులో 75 వేలను సంఘం అప్పులోకి మార్పించాం. నూటికి రెండు నుంచి ఒకటికి దిగింది. చెప్పినంత సులువుగా కాలేదు. సంఘంలో మిగతా తొమ్మిది మంది ఒప్పుకోవాలి, వాయిదా తప్పితే వాళ్ల పొదుపు ఆగుతుంది. ఆ తొమ్మిది మందిలో ఆరుగురి మొగుళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. మీటింగులో ఒకామె సూటిగా అడిగింది: “రేపు వాండ్ల ఆయనను పోలీసోల్లు పట్టుకుంటే ఎవలు గడుతరు?” నా దగ్గర జవాబు లేదు. నడిపోడి భార్యే చెప్పింది: “నా బీడీల పైసలు సంఘంల జమ చేస్త, చేతికియ్యకుండ్రి.” దాని మీద ఒప్పుకున్నారు. డిసెంబరులో డబ్బు వచ్చింది. నెలకు 750 తగ్గింది. ఈ కేసులో నేను చేసిన మంచి పని ఇదొక్కటే అనుకుంటాను.

ఇక చేయనిది. 2018 క్షమాభిక్షలో ఇంటికి రావడమే కాక ఇంకో దారి కూడా ఉంది. కొత్త యజమాని దొరికితే అక్కడే కాగితాలు సరిచేసుకోవచ్చు, దొరక్కపోతే పని వెతుక్కోవడానికి ఆరు నెలల తాత్కాలిక వీసా తీసుకోవచ్చు. ఈ సంగతి మాకు తెలుసు. ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది. కానీ మా ఊళ్లలో క్షమాభిక్ష అంటే ఔట్‌పాస్, ఔట్‌పాస్ అంటే ఇంటికి రావడం. అంతకుముందు ఎన్ని క్షమాభిక్షలు చూసినా అంతే. మేం తెచ్చిన మనుషుల సంఖ్యనే పైకి పంపేవాళ్లం. అక్కడే ఉండి చట్టబద్ధమైనవాళ్ల కోసం మా ఫారంలో గడి కూడా లేదు. ఆమె ‘రానియ్యకుండ్రి’ అన్నప్పుడు ‘సరే చెల్లె, రాకుండానే కాగితాలు చేసుకోవచ్చు’ అని చెప్పాల్సింది. ఆ అవసరానికే ఆ దారి పెట్టారు. నాకు ఆ ఆలోచన వచ్చేసరికి 2019 ఫిబ్రవరి. గడువు డిసెంబరు 31న అయిపోయింది.

ఆమెకు ఈ సంగతి చెప్పాను. దాచిపెడితే నిద్ర పట్టేది కాదు. ఆమె కాసేపు ఊరుకుని, “మీకు గుడ గప్పుడు యాదికి రాలే గద సారు” అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి మా కేంద్రంలో రెండు అలవాట్లు మారాయి. వచ్చినవాళ్లను పాస్‌పోర్టు కంటే ముందు అప్పు లెక్క అడుగుతాం, అదీ ఇంట్లో ఆడవాళ్లను. రాయని ఇల్లు నేను ఇప్పటిదాకా చూడలేదు. కొందరు నోటుబుక్కులో, కొందరు క్యాలెండరు వెనక. రెండోది, క్షమాభిక్ష అని వార్త వస్తే రెండు దారులూ పెద్ద అక్షరాల్లో రాసి గోడకు పెడతాం. 2024 సెప్టెంబరులో యూఏఈ మళ్లీ ప్రకటించినప్పుడు మా దగ్గరికి వచ్చిన ఇళ్లలో సగానికి పైగా రెండో దారి గురించే అడిగాయి.

ఆ తర్వాత

2020 మార్చి నాటికి బాకీ 1,20,000కు దిగింది. ఆమె లెక్క ప్రకారం ఇంకో పది నెలలు. అప్పుడు కరోనాతో అంతా ఆగిపోయింది. నడిపోడు ఎనిమిది మంది ఉండే గదిలో పని లేకుండా మూడు నెలలు కూర్చున్నాడు. ఎవరో దాతలు తెచ్చే అన్నం పొట్లాల మీద బతికామని వాయిస్ మెసేజీలు పంపేవాడు. మార్చి 1కి ముందే గడువు తీరినవాళ్లకు జరిమానా లేకుండా పోవచ్చని ఆ దేశం మళ్లీ చెప్పింది. జులైలో, వందే భారత్ విమానాల్లో ఒకదానిలో హైదరాబాద్ దిగాడు. క్వారంటైన్ అయ్యాక ఊరికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చిన్న పిల్ల ఫోను తీసుకుని దాంట్లో ఒకసారి, ఆయన మొహంలోకి ఒకసారి చూసి తల్లి వెనక్కి పోయింది.

రెండేళ్లు ఊళ్లోనే ఉన్నాడు. పొలం కౌలుకు చేశాడు, వరికోత మిషను మీద హెల్పరుగా తిరిగాడు. మిత్తి కట్టగలిగాడు కానీ అసలు తగ్గలేదు. పెద్ద పిల్ల ఇంటర్‌కు కొంత పెరిగింది కూడా. చిన్నోడి సంగతి వేరుగా నడిచింది. ఖతర్‌లో 2020లో పాత యజమాని అనుమతి లేకుండా కంపెనీ మారొచ్చని చట్టం మార్చారు, 2021 మార్చి నుంచి కనీస జీతం వెయ్యి రియాళ్లు చేశారు. చిన్నోడు కంపెనీ మారాడు. చిన్నోడు ముగ్గురన్నదమ్ముల్లో అందరికంటే తెలివైనవాడేం కాదు, కష్టజీవి అంటే నడిపోడే. చిన్నోడు పోయిన దేశంలో ఆ ఏడాది ఒక చట్టం మారింది, అంతే. బాకీలో తన వీసా 85 వేలు ఆయనే తీర్చాడు.

2022 నవంబరులో నడిపోడు మళ్లీ బయలుదేరాడు. వద్దని నేను అనలేదు. కంపెనీ వీసా, పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. కాంట్రాక్టు ముందే తెప్పించి, జీతం గడి, ఓటీ (ఓవర్‌టైం) గడి, తిండి ఎవరిదన్న గడి నేనే చదివి వినిపించాను. ఖర్చు 60 వేలు అయింది, సగం చిన్నోడు ఇచ్చాడు. రెండేళ్ల బీమా 275 రూపాయలు.

ఆ సర్టిఫికెట్టు ఆమె చేతికిచ్చి, ఇది ఒరిజినల్, పారేయొద్దు, పది లక్షల కాగితం అని చెప్పాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది ఎప్పుడిస్తరు సారు, పైసలు?”

“ఆయనకేమన్న అయితే, చెల్లె.”

“ఏం గాకపోతే? ఈ రెండు వందల డెబ్బై ఐదు వాపస్ రావా?”

“రావు.”

“రాకుంటెనే మంచిది” అని కవరు తీసి, దాన్ని నోటుబుక్కు కింద, అన్నిటికంటే అడుగున పెట్టింది.